కొండ గొంతు

ఒకప్పుడు కొండ దేన్నీ మరిచిపోయేది కాదు. చావు దగ్గర పడ్డవాళ్లు ఎలాగో దాని అంచుకి చేరి, గొంతెత్తి తమ పేరు చెప్పేవాళ్లు. కొండ ఆ పేరు కడుపులో దాచుకునేది. రోజూ పొద్దు పొడవగానే మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా వరసగా పలికేది. అందుకే ఆ లోయలో ఎవరూ చావుకి భయపడేవాళ్లు కాదు. “మన పేరు కొండ దగ్గరుందిగా” అనుకునేవాళ్లు.

ఆ లోయలో మేకలు కాసుకునే ఈరమ్మకి ఒక్కతే కూతురు, మొగిలి. ఏడేళ్లది. మేకపిల్లలతో సమానంగా గంతులేసేది. ఒక వానాకాలం దానికి జ్వరమొచ్చింది. మూడో రోజుకి కళ్లు తేలేసింది.

ఈరమ్మ పిల్లని భుజానేసుకుని కొండెక్కింది. “ఇంకొంచెం దూరమేనమ్మా, నీ పేరు నువ్వే చెప్పాలి” అంటూ పరుగులు పెట్టింది. కానీ సగం దారిలోనే భుజం మీద ఊపిరి ఆగిపోయింది.

అయినా ఈరమ్మ ఆగలేదు. అంచు మీద కూలబడి అరిచింది.

“కొండయ్యా! ఇది నా కూతురు మొగిలి. దీని పేరు దాచు!”

కొండ మూలుగుతూ అంది.

“నా కడుపు నిండిపోయింది తల్లీ. ఇంకొక్క పేరు చేరినా పగిలిపోతాను. ఒకటి పెట్టాలంటే ఒకటి తియ్యాలి. మొదటి పేరు తీసెయ్యనా? బుడగయ్య అని. వందల ఏళ్లుగా వాడికోసం ఎవరూ రాలేదు.”

“ఎవరా బుడగయ్య?”

“తెలీదు.”

“ఎలా ఉండేవాడు? ఎలా నవ్వేవాడు?”

“పేరొక్కటే తెలుసమ్మా.”

ఈరమ్మ పిల్ల ముఖంకేసి చూసింది. నుదుటికి తడి జుట్టు అతుక్కుని ఉంది. పక్కకి సర్దింది.

“వాడూ ఒక తల్లి కొడుకే కదా, తియ్యకు. నా మొగిలి పేరు కూడా పెట్టొద్దు. రేపు నువ్వు దీన్నీ ఎవరో తెలీదంటావు. ఒక్క సాయం చెయ్యి. నేను పిలిచినప్పుడల్లా నాతోపాటు నువ్వూ పిలువు. ఒక్కదాన్నే పిలుచుకోవడం నా వల్ల కావడం లేదు.”

కొండ ఏడ్చింది. ఎంత ఏడ్చిందంటే రాళ్లు బీటలు వారాయి. ఆ బీటల్లోంచి దాచిన పేర్లన్నీ గాలిలో కలిసిపోయాయి.

మర్నాడు పొద్దు పొడిచినా కొండ పలకలేదు. జనం కర్రలు పట్టుకుని వచ్చారు.

“మా తాత పేరేది? మా అవ్వ పేరేది?” అని నిలదీశారు.

“నేను పేర్లే మోశాను నాయనా, మనుషుల్ని కాదు” అంది కొండ. “మీకు కావలసిన వాళ్లని మీరే పిలుచుకోండి. మీతో గొంతు కలుపుతాను.”

కొందరు పిలిచారు. కొందరికి పిలవడానికి పేరే గుర్తుకు రాలేదు. తల వంచుకుని వెళ్లిపోయారు.

ఈరమ్మ మాత్రం రోజూ వచ్చేది. “మొగిలీ!” అని పిలిచేది. కొండ దగ్గర ఇప్పుడు దాచిన పేర్లు లేవు. ఆమె నోట విన్నాకే అందుకోవాలి. అందుకే ఒక అడుగు వెనకపడి “...గిలీ... లీ...” అనేది. ఆ మాత్రానికే ఈరమ్మ కళ్లు తుడుచుకుని మేకల్ని తోలుకెళ్లేది.

అలా ముప్పై ఏళ్లు గడిచాయి. ఒకరోజు మేకలొచ్చాయి, ఈరమ్మ రాలేదు. కొండ పొద్దు వాలేదాకా ఎదురుచూసింది. తర్వాత మొగిలి అని ఎవరూ పిలవలేదు.

అందుకే ఇప్పటికీ కొండ తనంతట తాను ఏ పేరూ పలకదు. మనం పిలిస్తే పిలుపు కొస పట్టుకుని మనతోపాటు పిలుస్తుంది. మనం మానేస్తే అదీ మానేస్తుంది.