ఉప్పు ఊటకు వెళ్ళిన ఒంటెలు

అనగనగా ఒక ఇసుక దేశం. అక్కడ ఏరు లేదు, పైరు లేదు. తిండిగింజలు కొండల అవతలి నుంచి ఒంటెల మీద రావలసిందే. ఒంటె కదలకపోతే ఆ దేశంలో పొయ్యి వెలగదు.

ఆ దేశంలో నాగిల అనే ఒంటెల కాపరి ఉండేది. భర్త పోయాక ముప్ఫై ఒంటెలను ఒంటిచేతి మీద సాకింది. కాపరులకు ఒక ఆచారం ఉంది. ఏటా చలికాలంలో ప్రతి ఇంటివారూ మూడు ఆడ ఒంటెలను కొండల్లోని ఉప్పు ఊట దగ్గర వదిలి వస్తారు. ఆ ఊటకు అడవి మగ ఒంటెలు నీళ్ళకు వస్తాయి. నెల తిరిగాక తమ ఒంటెలను చూలుతో ఇంటికి తోలుకొస్తారు. అలా పుట్టిన పిల్లలు బక్కగా ఉండేవి, చెయ్యి చాస్తే కరిచేవి. ఎందుకీ తంటా అని అడిగితే, "మా అమ్మమ్మలు చేశారు, మేమూ చేస్తున్నాం" అనేవారు.

రాజు వజ్రకేతుకు ఒక తెల్లని మగ ఒంటె ఉండేది. పందెంలో పొరుగు రాజు ఒంటెలన్నిటినీ ఓడించింది. రాజుకు అదంటే ప్రాణం. "ఇకమీదట నా దేశంలో పుట్టే ప్రతి ఒంటె దీని సంతానమే కావాలి. అడవి ఒంటెలతో కలిపినవారికి దేశబహిష్కారం" అని చాటింపు వేయించాడు.

నాగిల సభకు వెళ్ళింది. "ప్రభూ, అన్నిటికీ ఒకటే తండ్రి అయితే, ఆ తండ్రి లోపం అన్నిటికీ వస్తుంది" అంది.

"దీనిలో లోపమేమిటో చూపించు, ముసలమ్మా" అని రాజు నవ్వాడు. రాజు నవ్వితే సభ నవ్వదా మరి? నాగిల తలవంచుకుని వచ్చేసింది.

మొదట్లో తెల్లని పిల్లలు పుట్టాయి. దేశమంతా మురిసిపోయింది. కొన్నేళ్ళకు, ఆ పిల్లలకు పుట్టిన పిల్లలు సరిగా నిలబడలేకపోయాయి. నాగిల మళ్ళీ సభకు వెళ్ళి ఆ మాట చెప్పింది. "మేత చాలలేదేమో" అన్నాడు రాజు. మంత్రులు చిత్తమన్నారు.

ఆ చలికాలం నాగిల మూడు ఒంటెలను ఊటకు తోలింది. పిల్లలు పుట్టాక తానే సభకు వెళ్ళి ఒప్పుకుంది. దాచడం ఆమెకు చేతకాదు. రాజు ఇరవైయేడు ఒంటెలను లాక్కుని, మూడు తల్లులతో, మూడు పిల్లలతో ఆమెను కొండలకు వెళ్ళగొట్టాడు. తన చేతుల్లో పెరిగిన మందను వదిలిపోతూ నాగిల వెక్కివెక్కి ఏడ్చింది.

ఏళ్ళు గడిచాయి. కొండల్లో అడవి ఒంటెలతో కలిసి ఆమె మంద అరవై అయింది. అప్పుడు దేశంలో ఒంటెలకు దగ్గు రోగం వచ్చింది. అప్పటికి దేశంలో ఉన్నవన్నీ తెల్ల ఒంటెలే. ఒక్కటీ తట్టుకోలేదు, రాజుగారి శాలతో సహా శాలలన్నీ ఖాళీ అయ్యాయి. నాగిల మందకూ రోగం సోకింది. కొన్ని చచ్చాయి, కొన్ని పడి లేచాయి, కొన్నిటికి అసలు అంటనేలేదు.

దేశానికి గింజలు రావడం ఆగిపోయింది. ఆ కబురు నాగిలకు చేరింది. ఆమె కడుపుమంట ఇంకా చల్లారలేదు. కానీ ఆకలితో ఏడ్చే పసివాళ్ళు ఏ చాటింపూ వేయలేదు కదా. మిగిలిన ఒంటెల మీద కొండల అవతలి నుంచి గింజలు వేసుకుని ఊరికి వచ్చింది.

రాజు చెప్పులు లేకుండా ఎదురొచ్చాడు. "నీకు అన్యాయం చేశానమ్మా" అన్నాడు. తరవాత మందను ఆశగా చూశాడు. "వీటిలో అన్నిటికన్నా గట్టిదేదో చూపించు. ఇకమీదట దేశమంతా దాని సంతానమే..."

నాగిల ఆయన మాటకు అడ్డొచ్చింది.

"ప్రభూ, ఈ రోగానికి ఏది నిలుస్తుందో రోగం వచ్చాకే తెలిసింది. ఈసారి వచ్చే రోగం ఏదో మీకు తెలుసా?"

"తెలియదు" అన్నాడు రాజు.

"నాకూ తెలియదు. అందుకే అన్నీ బతకాలి."

రాజు ఆ పూటే పాత చాటింపును రద్దు చేశాడు.

నచ్చినదాన్ని ఒక్కదాన్నే మిగుల్చుకున్నవాడికి, అది పోయిననాడు ఏమీ మిగలదు.