నా ఎదుట

ఆ గురువారం మధ్యాహ్నం కొట్రేశప్ప దర్గాకు వచ్చేసరికి ముఖం పీక్కుపోయి ఉంది. మర్నాడు కోర్టు బోనులో నిలబడి ఒక్క మాట చెప్పాలి. అవును అని. ఆ ఒక్క మాటకే రెండు రోజులుగా అన్నం దిగడం లేదు.

ఆయన నోటరీ వకీలు. ఎవరైనా ప్రమాణం చేసి కాగితం రాసిస్తే, తన ఎదుటే చేశారని కింద రాసి ముద్ర వేయడం ఆయన పని. కోర్టు ఆవరణలో రేకుల కింద ఒక బల్ల, ఒక కుర్చీ. రోజుకు నలభై ప్రమాణాలు ఆ బల్ల మీదుగా పోతాయి. మనుషులు మాత్రం నలుగురో ఐదుగురో వస్తారు. మిగతావి గుమాస్తాలు కట్ట కట్టి తెస్తే, టీ చల్లారేలోపు టపటపా ముద్రలు కొట్టేస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే వరస. ఎవరూ తప్పు పట్టలేదు, ఆయనకూ తప్పనిపించలేదు.

దర్గా వసారాలో దస్తగిరి తాత దూది ఏకుతున్నాడు. కులం పింజారి, బతుకు ఫకీరుది. ఊళ్లోవాళ్ల పరుపులకు దూది ఏకి ఇస్తాడు, అడిగినవాళ్లకు నాలుగు మంచి మాటలు చెబుతాడు. ఆ రెండో పని ఈ మధ్య బాగా తగ్గించాడు. పొద్దుటినుంచీ ముసురు పట్టి ఉంది. దూది చెమ్మగిలి ముద్దలు కడుతోంది.

"రేపు కోర్టులో సాక్ష్యం ఉంది సామీ," అన్నాడు కొట్రేశప్ప కూర్చుంటూ. "ఒక ముసలామె తన ఇల్లు మరిది కొడుక్కి వదిలేస్తున్నానని ఆర్నెల్ల కింద అఫిడవిట్ ఇచ్చింది. ఆమె కోర్టుకు రాలేదు. యాడ ఉందో తెలీదంట. అందుకని నన్ను పిలిపించినారు. ఆమె నా ఎదుట ప్రమాణం చేసిందని చెబితే ఇల్లు వానిదైపోతుంది."

"చేసినాదా?"

"కాగితం మీద నా ముద్ర ఉంది. నా రిజిస్టర్‌లో ఆమె వేలిముద్ర ఉంది."

తాత దూది ఏకే విల్లు మీటుతూనే ఉన్నాడు. "అఫిడవిట్ అంటే ఏంది కొట్రేశప్పా?"

అడిగితే చాలు, కొట్రేశప్పకు వకీలు గొంతు వచ్చేస్తుంది. "దేవుని మీద ప్రమాణం చేసి, ఇది నిజమని రాసిచ్చే కాగితం సామీ. అబద్ధమైతే జైలు. అయితే ఎవరు పడితే వాళ్లు రాసుకుంటే చెల్లదు. చదివి వినిపించినాను, ఒప్పుకున్నారు, నా ఎదుట వేలిముద్ర వేసినారు అని కింద నేను రాయల్ల. నా ముద్ర లేకుంటే అది చిత్తుకాగితం."

"నీ ఎదుట."

"అవును సామీ."

"ఆమె ముఖం ఎట్లుంటాది?"

కొట్రేశప్ప ముసురు వైపు చూశాడు. "ఇంతమందిలో ఎవరి ముఖమని గుర్తుంటాది? రాలేదంటే నా ముద్ర పోతుంది, నా బతుకు పోతుంది. వచ్చిందని నేను నమ్ముతున్నా. నమ్మి చెప్పింది అబద్ధమెట్లయితాది? మీరొక్క మాట చెప్పండి, నిమ్మళంగా పోతా."

"పేరేంది ఆమెది?"

"ఉరుకుందమ్మ. కుమ్మరి వీధి."

విల్లు ఆగింది. తాత దాన్ని పక్కన పెట్టాడు. తర్వాత లేచి, పొయ్యి మీది టీ రెండు గ్లాసుల్లో పోసి తెచ్చాడు. ఒకటి కొట్రేశప్ప ముందు పెట్టి, రెండోది ఆయన చేతికిచ్చాడు.

"ఆ గోడ పక్కన అవ్వ కూర్చొనుంది. ఇచ్చి రా."

వసారా చివర, చినుకులు పడని చోట ఒక ముసలామె గోనెపట్టా కప్పుకుని కూర్చుని ఉంది. కొట్రేశప్ప వచ్చేటప్పుడు ఆమెను దాటుకునే వచ్చాడు. చూడలేదు.

"అవ్వా, టీ పట్టుకో."

ఆమె గోనెపట్టా కిందినుంచి రెండు చేతులూ బయటికి తీసి చాపింది. కొట్రేశప్ప గ్లాసు అందించబోయి ఆగిపోయాడు. ఆ చేతులకు వేళ్లు లేవు. పెద్దరోగం ఎప్పుడో తినేసింది. అరచేతులు మాత్రం మొద్దుల్లా మిగిలాయి, పాత గాయాల మీద చర్మం నున్నగా మెరుస్తోంది.

ఆమె గ్లాసును అరచేతుల మధ్య ఇరికించుకోబోయింది. అది జారింది.

"నువ్వే పట్టుకో నాయనా. జారుతుంది నాకు."

ఆయన వంగి గ్లాసు ఆమె పెదవులకు ఆనించాడు. టీ కొంచెం ఆమె గడ్డం మీద ఒలికింది.

అడగకూడదనుకుంటూనే అడిగాడు. "నీ పేరేంది అవ్వా?"

"ఉరుకుందమ్మ."

"చేతులు... ఎప్పటినుంచి?"

"మా ఆయన పోకముందే పోయినాయి. ముప్పై ఏండ్లయింటాది."

"ఇల్లు లేదా?"

"ఉండ్య నాయనా, కుమ్మరి వీధిలో. మా మరిది కొడుకు తాళమేసినాడు. నేనే రాసిచ్చినానంట. వేలిముద్ర గూడా ఏసినానంట." ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది. "పెద్ద వకీలెవరో చూసినాడంట గూడా."

 కొట్రేశప్ప ఆ చెమ్మ నేల మీదే కూలబడ్డాడు. గ్లాసు మాత్రం వదల్లేదు. ఆమె గుటక గుటకగా తాగుతోంది, ఆయన పట్టుకునే ఉన్నాడు. అడుగున ఉన్న చక్కెర కూడా తాగేదాకా పట్టుకున్నాడు.

"చల్లగుండు నాయనా," అంది ఆమె, మూతి మోచేత్తో తుడుచుకుంటూ. "నీ చేతులు చల్లగుండల్ల."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. కుడి బొటనవేలికి ముద్ర సిరా నీలంగా అంటుకుని ఉంది. ఎంత తోమినా పోని మరక అది.

ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. తాత పెట్టిన టీ మీద మీగడ కట్టింది. చివరికి లేచి, తాత ముందుకు వచ్చి నిలబడ్డాడు. 

దస్తగిరి తాత విల్లు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"రేపు అడుగుతారు గదా, ఆమె నీ ఎదుటికి వచ్చినాదా అని," అన్నాడు. "వచ్చినాదని చెప్పు. ఏ దినం వచ్చినాదో గూడా చెప్పు."