అందరి డొక్కల మీదా కుందేలు

ఆ ఎండాకాలం కొండ కింద ఒక్క చెలమే మిగిలింది. తోడేలు దొర దాని చుట్టూ ముళ్లకంచె వేయించి, తాను తాగాకే మిగతావాళ్లు తాగాలని హుకుం జారీ చేశాడు. దొరగారు తాగాక మిగిలేది బురదే. అందరూ ఆ బురదే నాకారు. కుందేలు మాత్రం, "చెలమ తవ్వింది ఎద్దు మావ. కంచె నీదెలా అయింది దొరా?" అని అడిగేసింది. అడిగినందుకు దాన్ని బొరియలో తోసి బండతో మూయించాడు. మర్నాడు మధ్యాహ్నం విచారణ. విచారణంటే దొరగారి భోజనమని మేకపిల్లలకి కూడా తెలుసు.

"పదండి, పోయి అడుగుదాం," అంది కుందేలు నేస్తం గాడిద.

"ఊరుకున్నంత ఉత్తమం లేదు తల్లీ," అంది గొర్రె.

"అందరూ వస్తే నేనూ వస్తా," అంది ఎద్దు. ఆవూ అదే మాట, మేకా అదే మాట. అందరూ వస్తే వద్దామని అందరూ కొట్టంలోనే కూర్చున్నారు!

గాడిదకి ఒళ్లు మండింది. వడ్రంగిపిట్టని బతిమాలి, దారి పక్కన ఎండుమాను మీద కుందేలు బొమ్మ చెక్కించింది. నిక్కిన చెవులు, తెరిచిన నోరు. చుట్టూ చెక్క తీసేసి బొమ్మని అచ్చుదిమ్మలా ఉబ్బెత్తుగా తేల్చింది పిట్ట. చాకిరేవులో పెరిగిన గాడిద దాని మీద నల్లజీడి రసం పూసింది. రేవులో బట్టలకి గుర్తులు పెట్టే రసమే అది.

పొద్దున్నే నక్క మంత్రి చూసి అదిరిపడింది. "దొర చూస్తే నా తోలు ఒలుస్తాడు! చెరపండి!"

"ఎలాగండీ?" అంది గాడిద అమాయకంగా.

"మట్టిబుర్రా! పశువులన్నాక మానుకి ఒళ్లు రుద్దుకోవా? అందరూ వరసగా వచ్చి డొక్కలతో రుద్దండి. అదే అరిగిపోతుంది."

తన బొచ్చు పాడవుతుందని నక్క మాత్రం దూరంగా నిలబడింది. అందరూ రుద్దారు. బొమ్మ అరగలేదు.

"దురద పెడుతోంది బాబోయ్!" అంది మేక.

"నోరు మూసుకుని విచారణకి నడవండి," అని నక్క అందర్నీ తానే తోలుకెళ్లింది.

నల్లజీడి రాయగానే అంతగా కనబడదు. ఎండా గాలీ తగిలేకొద్దీ నల్లబడుతుంది. దొర ముందుకి చేరేసరికి ఆవు కేకేసింది.

"ఎద్దు మావా, నీ డొక్క మీద కుందేలు!"

"నీ మీదా ఉందే అమ్మాయ్! మేక మీదా, గొర్రె మీదా!"

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. నోరు తెరిచిన ఆ బొమ్మని చూసి అందరికీ సిగ్గేసింది, అంతలోనే ధైర్యమూ వచ్చింది.

"తుడుచుకోండి!" అని అరిచింది నక్క.

"బట్ట చిరిగినా ఆ గుర్తు పోదండి," అంది గాడిద.

ఎద్దు గట్టిగా ఊపిరి వదిలింది. "గుర్తు ఎలాగూ పడింది. ఇక దాచేదేముంది?" అని కొమ్ములు వంచి ముందుకొచ్చింది. "దొరా, కుందేల్ని వదులు. కంచె తియ్యి." వెనకే అందరూ కదిలారు.

తోడేలు తడబడ్డాడు. "వీళ్లందర్నీ ఇలా తెచ్చిందెవరు?"

"మీ మంత్రిగారే! రుద్దమన్నదీ ఆయనే, తోలుకొచ్చిందీ ఆయనే," అంది గాడిద.

నక్క కొండెక్కి పరుగు తీసింది. దాన్ని తరిమే వంకతో దొరా పరుగు తీశాడు. ఆ వంక ఎవరూ నమ్మలేదనుకోండి!

ఎద్దు కంచె కుమ్మేసి, బండ దొర్లించింది. కుందేలు బయటికొచ్చి, చెలమలో తేటనీళ్లు కడుపారా తాగింది. "బతికావురా నాయనా!" అని గాడిద ఓండ్ర పెట్టింది. ఎంతకీ ఆపలేదు. ఆ రోజు దాన్ని ఎవరూ కసురుకోలేదు.

నీతి: తోటివాడి బొమ్మని ఒంటి మీద మోసేవాళ్లు పదిమందుంటే, దొరకి బొరియలు చాలవు.