రాజుగారు సగం వదిలిన విస్తరి

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు గనక పేరు వద్దులెండి, వీరభూపాలుడనే రాజుగారు ఉండేవారు. మనిషి చెడ్డవారు కారు. కాకపోతే తన నోట వచ్చిన ప్రతి మాటా శిలాశాసనమని ఆయన నమ్మకం. పులుసులో ఉప్పు తక్కువైనా దండోరా వేయించేవారు.

ఆయన రాణి కనకలేఖ ఒక పిల్లిని పెంచుకునేది. ఒకనాడు ఆ పిల్లి సింహాసనం మీద మెత్తటి చోటు చూసుకుని హాయిగా నిద్రపోయింది. రాజుగారు కొలువుకు వచ్చి, వెనక్కి చూసుకోకుండా దర్జాగా కూర్చున్నారు. పిల్లి కెవ్వుమంది. రాజుగారు అంతకంటే గట్టిగా కెవ్వుమన్నారు. సభలో ఉన్నవాళ్లంతా నవ్వు ఆపుకోవడానికి తలలు వంచుకున్నారు.

రాజుగారు నేరుగా అంతఃపురానికి వెళ్లి, "ఇక్కడ ఆ పిల్లి అయినా ఉండాలి, నేనైనా ఉండాలి. ఎవరు కావాలో తేల్చుకో" అన్నారు.

రాణి తేల్చుకుంది. పిల్లిని చంకనెత్తుకుని పల్లకి ఎక్కి, ఏటికి ఆవల ఉన్న పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ ఏరే రాజ్యానికి పొలిమేర.

ఆ మధ్యాహ్నమే దండోరా మోగింది. "ఈ రాజ్యంలో పిల్లి పేరు గానీ, రాణి పేరు గానీ ఎత్తినవాళ్లు ఎంతటివారైనా సరే, ఆ పూటే ఏరు దాటి పోవాలహో!"

ఆ కొలువులో మాచన అనే మాటకారి ఉండేవాడు. పండితులు కూడా అతనితో వాదానికి దిగాలంటే రెండుసార్లు ఆలోచించుకునేవారు. అతని భార్య నాంచారి రాణిగారికి చిన్ననాటి నేస్తం. రాణిగారితో పాటు తనూ వెళ్తూ, "ఆవిణ్ణి ఇలాంటప్పుడు ఒంటరిగా వదల్లేనండీ. ఆవిడ తిరిగొచ్చిన రోజే నేనూ వస్తాను" అంది.

మాచన సరేనన్నాడు. అన్నాక గానీ అది ఎంత పెద్ద మాటో అతనికి తెలియలేదు. ఒకసారి వెళ్లి చూసొద్దామంటే రాజుగారి సెలవు కావాలి. సెలవు అడిగితే ఎక్కడికని అడుగుతారు. చెబితే దండోరా ఉండనే ఉంది. పోనీ, ఆ పేరేదో అనేసి దేశం వదిలి పోదామా అని కూడా ఒకరోజు అనుకున్నాడు. కానీ నాంచారి పెరట్లో నాటి వెళ్లిన మల్లెపాదుకు నీళ్లు ఎవరు పోస్తారు? రాణిగారు తిరిగొచ్చి, నాంచారి తిరిగొచ్చి, ఇల్లు ఇల్లులా ఉండాలి. అతనికి కావలసింది అదొక్కటే.

రోజూ పొద్దు వాలే వేళకు ఏటిగట్టున కూర్చుని ఆవలి ఒడ్డున లేచే వంటపొగలు చూసేవాడు. వాటిలో నాంచారి ఊదిన పొయ్యి ఏదై ఉంటుందా అని వెతుక్కునేవాడు.

ఇంతలో రాజమందిరంలో ఎలుకలు పడ్డాయి. మొదట వంటశాలలో, తర్వాత అంతఃపురంలో, ఆ తర్వాత ఎక్కడపడితే అక్కడ. పరుపుల్లో దూది లాగేశాయి. పట్టు తెరలకు కన్నాలు పెట్టాయి. రాణిగారి చీరల పెట్టెలో కాపురమే పెట్టాయి. పురోహితుడు శాంతి చేశాడు. వైద్యుడు మిరపకాయల పొగ పెట్టించాడు. ఆ పొగకు ఎలుకలు బాగానే ఉన్నాయి గానీ, రాజుగారు వారం రోజులు దగ్గారు.

మందేమిటో అందరికీ తెలుసు. అనడానికే నోరు రాదు. ఒకనాడు మంత్రిగారు ధైర్యం చేసి, "ప్రభూ, దీనికి తగిన జంతువు ఒకటుంది. మీసాలుంటాయి, పాలు తాగుతుంది..." అని మొదలుపెట్టారు. రాజుగారు కళ్లెర్రజేసి చూసేసరికి, "ఆవుదూడ" అని ముగించారు.

చివరికి పొరుగురాజు దూత ఎదుట, నిండు సభలో, రాజుగారి తలపాగాలోంచి ఒక చిట్టెలుక తల బయటపెట్టి చూసింది. రాజుగారు ఆ కోపమంతా మాచన మీద చూపించారు.

"మాటలతో పొట్ట పోసుకుంటున్నావుగా, ఆ తెలివేదో ఇక్కడ చూపించు. రేపు కొలువు తీరేలోగా ఎలుకలు పోయే ఉపాయం చెప్పు. లేకపోతే నీకు ఇక్కడ కొలువు లేదు."

మాచన దిగులుగా ఇంటికి వచ్చి, వండుకున్నదేదో వడ్డించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అతని విస్తట్లో ఒక ఎలుక గుత్తివంకాయ కొరుకుతోంది.

ఆ రోజుల్లో ఒక మర్యాద ఉండేది. మగవాడు తిని లేస్తూ, ఉన్నవాటిలో రుచైనదేదో విస్తట్లో మిగిల్చేవాడు. భార్య అదే విస్తరి ముందు కూర్చుని తినేది. ఇప్పుడు మర్యాదల లెక్క మారిందనుకోండి, అది వేరే సంగతి. నాంచారి లేని ఇంట్లో మాచన ఆ వంకాయ ఎవరికోసం వదిలినట్టు? అలవాటని తనకు తాను చెప్పుకునేవాడు. అలవాటు కాదు. ఆకు మడిచి పారేస్తే ఆమె లేదని ఒప్పుకున్నట్టవుతుందని బెంగ.

ఎలుకను అదిలించబోయి మాచన చటుక్కున ఆగాడు. పైపంచె భుజాన వేసుకుని రాజుగారి వంటశాలకు పరుగెత్తాడు.

"అప్పంభొట్లుగారూ, రాజుగారు మధ్యాహ్నం ఏం తింటున్నారండీ?" అని వంటపెద్దను అడిగాడు.

"ఏం చెప్పను నాయనా! రోజూ పూర్ణం బూరెలు వేయమంటారు. ఒక్కటీ ముట్టరు. విస్తట్లో ఓ పక్కన పెట్టేసి లేచిపోతారు. ఆకు తీయబోతే కసురుతారు. మొన్నటిది కూడా అక్కడే పడి ఉంది. బూరెలంటే ఎవరికి ప్రాణమో నీకు తెలుసు కదా, నా చేత అనిపించకు."

మాచనకు సంగతి అర్థమైంది. అంత పెద్ద మందిరంలో, అంత డాబుసరి మనిషి, తనలాగే తిని తనలాగే లేస్తున్నాడన్నమాట.

మర్నాడు సభ నిండింది. రాజుగారు మీసం దువ్వుతూ, "ఊఁ, చెప్పు. ఎలుకలను ఎప్పుడు తరుముతావు?" అన్నారు.

"తరమడం నా వల్ల కాదు ప్రభూ. వారు తమరి ఇల్లాళ్లు" అన్నాడు మాచన.

సభలో ఎవరో పొలమారి దగ్గారు.

"ఏమన్నావ్?"

"కోపం వద్దు ప్రభూ. ఒక్క ధర్మసందేహం తీర్చండి. భర్త తిని మిగిల్చిన విస్తట్లో తినే హక్కు ఎవరిది?"

"అదొక ప్రశ్నా? భార్యది!"

"మరి తమరు తిని లేచిన విస్తట్లో రోజూ ఎలుకలే కదా తింటున్నాయి! తమరు ప్రేమగా మిగిల్చిన బూరెలు తిని, అంతఃపురంలో పడుకుంటున్నాయి. పట్టుచీరల మధ్య కాపురం చేస్తున్నాయి. పిల్లలను కూడా కంటున్నాయి. రాచకుటుంబాన్ని తరమమంటే నాబోటివాడికి ఎలా సాధ్యం?"

"నోర్ముయ్!" రాజుగారు సింహాసనం మీంచి లేచి నిలబడ్డారు. ముఖం కందిపోయింది. "ఆ బూరెలు ఎలుకలకు కాదు. నా రాణికి! నా కనకలేఖకు! ఏ పూటకు ఆ పూట వస్తుందేమోనని..."

అక్కడ ఆగిపోయారు. రాజుగారు మెల్లగా కూర్చుని, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఆవిడ లేకుండా అన్నం సయించడం లేదు మాచనా" అన్నారు.

"తెలుసు ప్రభూ. నాకూ అంతే" అన్నాడు మాచన. ఆ ఒక్క మాటలో చమత్కారమేమీ లేదు.

కాసేపటికి రాజుగారు తేరుకుని, "తెలిసి ఏం లాభం? ఇచ్చిన ఆజ్ఞ ఇచ్చినట్టే ఉండాలి. రాజు మాట తప్పకూడదు" అని నిట్టూర్చారు.

"తప్పకూడదు. అందుకే తమరు ఈ పూటే బయలుదేరాలి."

"ఎక్కడికి?"

"ఏరు దాటి. ఆ పేరు ఎత్తినవాళ్లు ఎంతటివారైనా సరే అని దండోరా వేయించింది తమరే. ఇప్పుడు నిండు సభలో ఎత్తిందీ తమరే. ఆవలి ఒడ్డున కాలు పెట్టగానే ఆజ్ఞ అమలైనట్టే. అమలైన ఆజ్ఞను రద్దు చేసుకోవడం రాజుగారి ఇష్టం. ఇక ఆవలి ఒడ్డున ఎవరి ఇల్లుందో, దారి ఎటో, నేను చెప్పేదేముంది!"

రాజుగారు అతని వంక తేరిపార చూశారు. ముందు మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. ఆ తర్వాత మందిరం దద్దరిల్లేలా నవ్వారు. రాణి వెళ్లాక ఆయన నవ్వడం అదే మొదలు.

"ఏం కావాలో కోరుకో మాచనా!"

"రాణిగారు, రాణిగారు, పిల్లి, పిల్లి" అన్నాడు మాచన చేతులు కట్టుకుని. "నన్ను కూడా వెళ్లగొట్టండి ప్రభూ."

ఇద్దరూ ఒకే పడవలో ఏరు దాటారు. రాజుగారు దారి పొడుగునా గంభీరమైన ఉపన్యాసం ఒకటి వల్లెవేసుకున్నారు. ఆవలి ఒడ్డున దిగి ఆజ్ఞను రద్దు చేశారు. మామగారి వాకిట్లో రాణి ఎదురుపడేసరికి ఉపన్యాసం కాస్తా ఎగిరిపోయింది. "రోజూ నీకోసం బూరెలు మిగిల్చాను, నువ్వు రాలేదు" అన్నారు చిన్నపిల్లాడిలా.

రాణికి కళ్లు చెమర్చాయి. "చల్లారిపోయి ఉంటాయిలెండి. లోపలికి రండి, వేడివి వేయిస్తాను" అంది.

ఆ వెనకే నాంచారి వచ్చింది. భర్తను కింది నుంచి పైదాకా చూసి, "అదేమిటండీ, ఇలా సగమైపోయారు!" అంది.

మాచన నోరు తెరిచాడు. ఇన్నాళ్లూ ఏటిగట్టున కూర్చుని ఆమెతో చెప్పాలని ఎన్ని పోగేసుకున్నాడో! ఒక్క మాటా పైకి రాలేదు. పైపంచెతో ముఖం దాచుకున్నాడు.

గడప మీద నిలబడి రాజుగారు ఇదంతా చూసి పకపకా నవ్వారు. "నా కొలువులో పండితులంతా కలిసి మూయించలేని నోరు, అమ్మా, నువ్వు ఒక్క మాటతో మూయించావు!" అని మెడలోని ముత్యాల హారం తీసి నాంచారి చేతిలో పెట్టారు.

నాంచారి దండం పెట్టి హారం అందుకుంది గానీ, దాన్ని చూడలేదు. ఆమె చూపంతా మాచన మీదే ఉంది.