పసుపులో నల్లగీత

"ఫిజిక్స్ చదివితే చేతికేమొస్తుంది సార్?" అని నాగూర్‌బీ అడిగింది. దైవసహాయం మాస్టారు పెన్ను మూత తీశారు. నెల్లూరు వైపు ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళుగా ఆయన ఆ పాఠమే చెబుతున్నారు. వాదించి ఎవరినైనా ఒప్పించగా చూసినవాళ్ళు లేరు.

ఆమె చేతిలో గ్రూపు మార్చుకునే దరఖాస్తు ఉంది. నాలుగింటిలోగా ఆఫీసులో ఇవ్వాలి. ఫిజిక్స్‌తో ఉద్యోగం రాదని ఇంట్లో తేల్చేశారు. ఆమెకూ ఎదురుచెప్పాలనిపించలేదు. సెమిస్టరంతా సూత్రాలు బట్టీపట్టిందే గాని ఒక్కటీ మనసుకెక్కలేదు.

మాస్టారు దరఖాస్తు మీద సంతకం పెట్టిచ్చారు. "ఇంకా గంట టైముంది కదమ్మా. ఒకసారి ల్యాబుకు రా."

కిటికీలు మూసి, ఒక్క సందులోంచి అద్దంతో ఎండను, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోమీటర్ చీలికలోకి మళ్ళించారు. నాగూర్‌బీ దాని గొట్టానికి కన్ను ఆనించింది. ఎరుపు నుంచి ఊదా దాకా రంగులు పరుచుకుని ఉన్నాయి. పుస్తకంలో చూసిన బొమ్మే. కాసేపు చూశాక రంగుల మధ్య వెంట్రుకల్లాంటి నల్లగీతలు కనబడ్డాయి.

"అద్దానికి దుమ్ము పట్టింది సార్."

"తుడిచి చూడు."

తుడిచింది. గీతలు పోలేదు.

పసుపులో ఉన్న నల్లగీత మీదికి గొట్టంలోని సన్నని అడ్డుతీగను ఆమె చేతే జరిపించి, గొట్టం కదలకుండా మర బిగించమన్నారు. ఎండకు అడ్డంగా అట్ట పెట్టి, చీలిక ముందు బర్నర్ వెలిగించారు. జామకాయలోకని ఆమె పొట్లం కట్టుకొచ్చిన ఉప్పు అడిగి, చిటికెడు మంటలో చల్లారు. మంట పసుపుపచ్చగా మారింది.

"ఇప్పుడు చూడు."

అంతా చీకటి. ఆ చీకట్లో ఒకే ఒక పసుపు గీత, సరిగ్గా అడ్డుతీగ మీద. ఎండలో నలుపు, మంటలో వెలుగు. చోటు మాత్రం ఒక్కటే. ఆమె తలెత్తి చేతిలోని పొట్లం వంక చూసింది.

"ఈ ఉప్పు సూర్యుడిలో ఉందా సార్?" గొంతు తగ్గించి అడిగింది.

"ఉప్పులోని సోడియం ఉంది. ఇక్కడ మంటలో ఇచ్చే ఆ పసుపునే అక్కడ ఎండలోంచి మింగేస్తుంది."

"అంత దూరం పోయి చూసిందెవరు?"

"ఎవరు పోతారమ్మా? నువ్వు చూసినట్టే చూశారు."

నాగూర్‌బీ అట్ట తానే తీసి, ఎండను మళ్ళీ లోపలికి రానిచ్చింది. ఆకుపచ్చలో మూడు గీతలు. నీలంలో ఇంకొకటి, ముదురుగా. అంచున లెక్కకందనన్ని. నాలుగు గంటల బెల్లు మోగడం ఆమె విన్నది. లేవలేదు.

"మరి మిగతావన్నీ ఏంటి సార్?"

"కొన్ని నాకు తెలుసు" అన్నారు మాస్టారు, బర్నర్ ఆర్పుతూ. "తక్కినవి నువ్వు చూసి చెప్పు."