అరుగు మీద చోటు

గోదావరి లంకలో చిన్న ప్రార్థన మందిరం. అక్కడ ఆశీర్వాదం అయ్యగారి దగ్గర సేవ నేర్చుకోడానికి వచ్చిన జీవరత్నానికి, తెల్లవారుజాము ప్రార్థన ఒక పట్టాన కుదిరేది కాదు. పట్టుగా పదిరోజులు మోకరించేవాడు. ఆపైన మొద్దునిద్ర. మళ్ళీ మొదలు. చివరికి విసుగెత్తి, ఇంటికి పోదామని సంచీ సర్దుకున్నాడు.

"నావల్ల కాదండి అయ్యగారూ. గోడకి చెప్పుకున్నట్టుంది. అవతల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేనొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

అయ్యగారు వాదించే మనిషి కాదు. వాదిస్తేనే నయమని శిష్యులు అనుకునేవాళ్ళు.

"క్రిస్మస్ అయ్యాక వెళ్దువుగానిలే. అందాకా తెల్లారగట్ల మా అమ్మ పక్కన కాసేపు కూర్చో."

"కూర్చుని ఏం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యొద్దు."

అయ్యగారి తల్లి సలోమమ్మకి చూపు పోయి చాన్నాళ్ళయింది. మాటా ఆగిపోయింది. చీకటితోనే లేచి, గోడ పట్టుకుని వచ్చి, వీధరుగు మీద శాలువా కప్పుకుని కూర్చునేది.

జీవరత్నం వెళ్ళి పక్కన కూర్చునేవాడు. ఏటి మీంచి మంచు లేచి కొబ్బరిచెట్లని మొదళ్ళ నుంచీ మింగుకుంటూ వచ్చేది. కాసేపటికి వీధి పోయేది, మందిరం పోయేది. ఆ అరుగూ, వాళ్ళిద్దరూ మిగిలేవాళ్ళు. పడవవాడి దగ్గు వినిపించేది, పడవ కనిపించేది కాదు. తను మేలుకునే ఉన్నాడో, కలలో ఉన్నాడో అతనికే తెలిసేది కాదు. ముసలావిడ మాత్రం ఒక్కసారైనా ఇటు తిరిగేది కాదు. మొదట్లో పలకరించాడు. తర్వాత అదీ మానేశాడు.

"మామ్మగారికి నేనొచ్చినట్టే తెలీదండి," అన్నాడొకరోజు అయ్యగారితో.

"ఊఁ," అన్నారాయన.

ఇంకేముంది, ఒకనాడు చలి మరీ ఎక్కువగా ఉంది. వచ్చినట్టే తెలియని మనిషి కోసం లేవడమెందుకని ముసుగుతన్ని పడుకున్నాడు. లేచేసరికి బారెడు పొద్దెక్కింది. చేసిన పనికి సిగ్గేసి, మొహమైనా కడుక్కోకుండా పరిగెత్తాడు.

మంచు ఇంకా విడలేదు. సలోమమ్మ అరుగు మీదే ఉంది. ఎదురుగా అయ్యగారు చల్లారిపోయిన కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముసలావిడ అరచెయ్యి పక్కనున్న ఖాళీ చోటు మీద బోర్లా ఆనించి ఉంది.

"కాఫీ తాగిద్దామని నేనే కూర్చోబోయాను. కూర్చోనివ్వలేదు," అన్నారు అయ్యగారు. "తెల్లారగట్ల పెట్టిన చెయ్యి ఇంతవరకూ తియ్యలేదు."

జీవరత్నానికి ఏడుపొచ్చింది.

"మామ్మగారూ, నేనండి."

ఆవిడ ఇటు తిరగలేదు. చెయ్యి మాత్రం మెల్లిగా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

అతను కూర్చున్నాడు. మంచుకి అరుగంతా జిల్లుమంటోంది. ఆ చోటొక్కటే వెచ్చగా ఉంది.