నాలుగో మాట

ఒకానొక రాజ్యంలో అన్నీ ఉండేవి, ‘సరే’ అనే మాట ఒక్కటే ఉండేది కాదు. ఆ రాజ్యం పేరు మందారగిరి, రాజు పేరు కీర్తివర్ధనుడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే తన నోటినుంచి వచ్చే ప్రతి మాటా ముత్యమని ఆయన నమ్మకం. ముత్యాలను ఎవరు మాత్రం ఊరికే పారబోసుకుంటారు?

మొదట్లో ఆయన అలా ఉండేవాడు కాదు. ఒకసారి ఎవరో పరదేశి వేణువు వాయిస్తే విని పొంగిపోయి, "ఏం కావాలో కోరుకో, ఇచ్చేశాం" అన్నాడు. ఆ పరదేశి మొహమాటం లేనివాడు. పట్టపుగుర్రాన్ని కోరుకుని, దాని మీదే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ దెబ్బతో రాజుగారు ఆస్థాన పండితుడు అనంతభట్టును పిలిపించి, ఇకమీదట తమ నోరు జారకుండా ఏదైనా కట్టుబాటు పెట్టమన్నారు.

భట్టుగారికి కావలసింది అదే. ఊరికే ఉన్న పండితుడికి పని చెప్పకూడదు గాని, చెబితే ఊరందరికీ పని పెడతాడు. ఆయన పెట్టిన కట్టుబాటు ఇది: రాజుగారి సొత్తు జోలికి ఎవరు వెళ్లాలన్నా కొలువులో మనవి చేసుకోవాలి. మొదటి కొలువులో రాజుగారు "విన్నాం" అంటారు. తరువాతి కొలువులో "ఆలోచించాం" అంటారు. ఆ పైన "సమ్మతించాం". చిట్టచివరి కొలువులో "అనుమతించాం". ఆ నాలుగో మాట పడితే తప్ప చెయ్యి కదపరాదు. వారానికి ఒక్కటే కొలువు. ముందొచ్చిన మనవి తేలకుండా వెనకొచ్చినది తేలకూడదు. అన్నిటికీ మించి, సింహాసనం మీద కూర్చుని అన్నదే మాట. సంతోషంలోనో కోపంలోనో దారినపోతూనో రాజుగారు ఏమన్నా అది గాలికి పోయినట్టే.

మూడో మాట పడగానే తొందరపడి పూలు కోశాడని ఒక తోటమాలిని పనిలోంచి తీసేశారు. ఆ మాలతీపూలు దేవుడికే పోయాయి, మాలి మాత్రం ఇంటికి పోయాడు. దాంతో రాజ్యమంతా నాలుగో మాట కోసం నోరు తెరుచుకుని ఎదురుచూడటం నేర్చుకుంది.

ఆ కొలువులోనే కూర్మన్న అనే ఆయన ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం ఆయన ఉద్యోగం. ఒకనాటి పొద్దున పైడమ్మ అనే రైతు ముసలమ్మ ఆయన ఇంటి గుమ్మంలో కూలబడింది. ఎప్పుడో దారిన పోతూ ఆకలేసి ఆమె చేలో కడుపునిండా అంబలి తాగినవాడే కూర్మన్న. ఆ రుచి ఇంకా మరిచిపోలేదు.

"రాజుగారి కాలవకి తూము తియ్యమని అడిగితే రెండు మాటలయ్యాయి బాబూ. ఇంకా రెండున్నాయంట" అంది పైడమ్మ. "కాలవ నిండా నీళ్లున్నాయి. తూముకి ఇవతల నారు ఎండిపోతంది. అదెండిపోయాక అనుమతొస్తే ఏటి సేసుకుంటాం? ఊరు ఊరంతా ఆ నారు మీదే బతకాలి గదా."

కూర్మన్నకు మనసులో కలుక్కుమంది. రాజుతో వాదించవచ్చు. కాని రాజుతో వాదించి ఓడితే పరువు పోతుంది, గెలిస్తే ఉద్యోగం పోతుంది. పైగా వాదన తేలేలోపు నారు మాడిపోతుంది.

"అవ్వా, రేపు మధ్యాహ్నం ఊరివాళ్లందరినీ తూము దగ్గర ఉండమను. గునపాలు కూడా తెచ్చుకోమను" అన్నాడు.

ఆనాడే రాజుగారి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, మూడో మాట సెలవిచ్చే ముందు తమరు ఆ తూమును ఒక్కసారి కళ్లతో చూస్తే బాగుంటుంది. అంబారీ మీద వేంచేస్తే, ప్రభువుల మాట కోసం ఎదురుచూడటంలో ఉన్న గొప్పతనం పల్లెజనానికి కూడా అర్థమవుతుంది."

అంబారీ అనగానే రాజుగారి మీసం కదిలింది. "బాగా చెప్పావు, వెళదాం" అన్నారు.

ఇక్కడో సంగతి చెప్పాలి. రాజభవనం ముందు ఏనుగు ఎత్తున ఒక అరుగు ఉంది. రాజుగారు అరుగు మీదినుంచి అంబారీలోకి అడుగుపెడతారు, తిరిగొచ్చాక అరుగు మీదికే దిగుతారు. కాబట్టి పర్వతం అనే ఆ పట్టపుటేనుగు ఆయన కోసం మోకాళ్లు వంచిన పాపాన ఎన్నడూ పోలేదు. కూర్మన్న మావటి గంగులును పక్కకు పిలిచి ఒక్క మాటే అన్నాడు. "తోటమాలి సంగతి గుర్తుంది గదా?"

"మరిచిపోతానా బాబూ" అన్నాడు గంగులు.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చే వేళకు ఊరేగింపు కాలవగట్టుకు చేరింది. వెనక పల్లకిలో భట్టుగారు, ఏనుగు పక్కన కూర్మన్న, తూము దగ్గర ఊరివాళ్లు. కాలవలో నీళ్లు తళతళ మెరుస్తున్నాయి. ఇవతల నారుమడి గడ్డివామి రంగుకొచ్చింది. రాజుగారు అంబారీలో కూర్చుని కాసేపు గంభీరంగా చూశారు. తరువాత చెమట తుడుచుకున్నారు. తరువాత గొంతు సవరించుకున్నారు.

"ఎండ మండిపోతోంది. గంగులూ, ఏనుగును కూర్చోబెట్టు. దిగి కాస్త నీడన నిలబడతాం."

గంగులు నేల మీదికి దూకి దణ్ణం పెట్టాడు. "మహాప్రభూ, ఏనుగు తమరి సొత్తు. అరుగునుంచి అరుగుదాకా నడిపించడానికే నాకు నాలుగు మాటలూ పడ్డాయి. కూర్చోబెట్టడానికి ఒక్క మాటా పడలేదు."

"ఇప్పుడు చెబుతున్నాం కదా."

"తమరు దారిలో ఉన్నారు ప్రభూ. దారిలో అన్నది మాట కాదంట. నాకు పిల్లలున్నారు."

రాజుగారు మండిపడి భట్టుగారి వైపు తిరిగారు. భట్టుగారు పల్లకిలోంచి తల బయటపెట్టి, తన కట్టుబాటు పొల్లుపోకుండా అమలవుతున్నందుకు ఒక్క క్షణం మురిసిపోయారు కూడా. "మావటి చెప్పింది నిజమే ప్రభూ. సింహాసనం మీద కూర్చుని సెలవియ్యాలి" అన్నారు.

"అయితే ఆ సింహాసనాన్నే ఇక్కడికి తెప్పించండి."

"తెప్పించవచ్చు ప్రభూ" అన్నాడు కూర్మన్న. "కాని అది కూడా తమరి సొత్తే. దాన్ని కదపడానికి నాలుగు కొలువులు పడతాయి. ఆ కొలువులకు తమరు దాని మీద కూర్చుని ఉండాలి."

రాజుగారికి నోరెండిపోయింది. "కనీసం మంచినీళ్లయినా ఇవ్వండి" అన్నారు, ఈసారి కాస్త మెత్తగా.

పైడమ్మ ఖాళీ కడవ చంకనెట్టుకుని ముందుకొచ్చింది. "నీళ్లు తూముకి అవతల తమరి కాలవలోనే ఉన్నాయి బాబూ. మాకింకా రెండో మాటే అయింది" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే ఆమెకు ఆయన మీద జాలేసింది.

రాజుగారు ఎండిన నారు వైపు చూశారు, ఆ పక్కనే మెరుస్తున్న నీళ్ల వైపు చూశారు, మళ్లీ నారు వైపు చూశారు. ఈసారి చూపు అక్కడే ఆగింది.

"కూర్మన్నా, నువ్వేమంటావు?"

"నేననేదేముంది ప్రభూ. రాజు ఎక్కడ కూర్చుంటే అదే సింహాసనం, జనం ఎక్కడ నిలబడితే అదే కొలువు. అంతకంటే పెద్ద కట్టుబాటు నాకు తెలియదు."

రాజుగారు అంబారీలో నిటారుగా కూర్చున్నారు. "అయితే ఇదే కొలువు. గంగులూ, ఏనుగును..."

"ప్రభూ, పైడమ్మ మనవి ముందొచ్చింది" అన్నాడు కూర్మన్న వినయంగా. "వెనకది ముందుకు దూకకూడదు కదండీ, భట్టుగారూ?"

"కూడదు" అన్నారు భట్టుగారు, అలవాటు కొద్దీ.

రాజుగారు పళ్లు కొరికారు, అంతలోనే ఆ పళ్లు బయటపడేలా నవ్వారు. "విన్నాం, ఆలోచించాం, సమ్మతించాం, అనుమతించాం. అవ్వా, ముందు నీ తూము తియ్యించు."

గునపాలు సిద్ధంగానే ఉన్నాయి. తూము లేచింది, నీళ్లు గలగలమంటూ నారుమడిలోకి పరుగెత్తాయి. ఏనుగు వంతు రాకముందే పర్వతం తన పని తాను చూసుకుంది. ఎవరినీ అడగకుండా కాలవలోకి దిగి, మోకాళ్లు వంచి, తొండం నిండా నీళ్లు తీసుకుని వీపు మీద చల్లుకుంది. వీపు మీద రాజుగారు ఉన్నారు. పక్కనే ఉన్న పల్లకిని కూడా అది చిన్నచూపు చూడలేదు.

రాజుగారు కిరీటంలోంచి నీళ్లు కారుతుండగా కడుపుబ్బ నవ్వారు. "కూర్మన్నా, నువ్వు నన్ను ఎండలో కూర్చోబెట్టి బుద్ధి చెప్పావు. నీకేమివ్వమంటావు?"

"ఇది మొదటి మాటా, రెండోదా ప్రభూ? నాలుగోదాకా బతికుంటానో లేదో చూసుకుని అడుగుతాను."

రాజుగారు మెడలోని తడిసిన హారం తీసి కూర్మన్న మెడలో వేశారు.

తరువాతి కొలువుకు ఒక కుమ్మరి వచ్చి, కోట వెనక బంకమట్టి తవ్వుకుంటానని మనవి చేసుకున్నాడు. రాజుగారు "ఊఁ" అన్నారు. ఇది ఎన్నో మాట ప్రభూ అని అడగబోయిన భట్టుగారికి కిటికీలోంచి పర్వతం తొండం కనబడింది. ఉత్తరీయం దగ్గరికి లాక్కుని, ఆయన కూడా "ఊఁ" అనేశారు.